మెరూన్ రంగు చుక్క

ఆవిడ పోయిందని స్వరూప ఫోన్ చేసినప్పుడు నేను గ్యారేజీలో నరకాసురుడి మీసాలకు దుమ్ము దులుపుతున్నాను. 2015 అక్టోబరు. దీపావళి మేళా దగ్గర పడిందంటే మోరిస్‌విల్‌లోని మా గ్యారేజీలోంచి కారు బయటికి పోతుంది, అట్ట నరకాసురుడు మధ్యలోకి వస్తాడు. "అన్నా, పొద్దున అమ్మ పోయింది. నేను సాయంత్రం ఫ్లైట్ ఎక్కుతున్న" అంది స్వరూప. అలాంటప్పుడు అందరూ అనే మాటలే నేనూ అన్నాను. ఫోన్ పెట్టేశాక మీసం చేత్తో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

స్వరూప మా ఆఫీసులోనే వేరే టీమ్‌లో పనిచేస్తుంది. ఇల్లు మాకు రెండు వీధుల అవతల. 2012లో వాళ్ళమ్మ ఆరు నెలలు ఉండటానికి అమెరికా వచ్చింది. ఆ ఆరు నెలల్లో నేను ఆవిడను దగ్గరగా చూసింది రెండు నెలలు కూడా ఉండదు. ఆవిడ ఎక్కడ పుట్టిందో, ఎప్పుడు పెళ్ళయిందో, భర్త ఏం చేసేవాడో నాకు తెలియదు. అడగనూ లేదు. టంకం ఎలా వేసేదో మాత్రం ఇప్పుడు కూడా కళ్ళు మూసుకుని చెప్పగలను.

ఆ ఏడు మా తెలుగు సంఘం వాళ్ళు నన్ను పట్టుకున్నారు. "ప్రతిసారీ ఆ రింగులు విసిరే ఆటేనాండీ? మీరు ఇంజనీరు కదా, కొత్తగా ఏదైనా చేయండి." నాకు అప్పటికే మైక్రోకంట్రోలర్ల పిచ్చి పట్టి ఉంది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద బోర్డు. ల్యాప్‌టాప్ నుంచి కేబుల్‌తో కోడ్ ఎక్కిస్తే చెప్పినట్టు వింటుంది. ఇంట్లో చెప్పినట్టు వినేది అదొక్కటే కాబట్టి దాని మీద మోజు పెరిగింది. ఆరడుగుల అట్ట నరకాసురుణ్ణి చేద్దామనుకున్నాను. కళ్ళు రెండు, మీసం, గుండె, బొజ్జ, మోకాలు, మొత్తం ఆరు చోట్ల వెలుతురును పసిగట్టే సెన్సర్, పక్కనే ఒక ఎర్ర దీపం. లేజర్ తగిలితే దీపం ఆరుతుంది, బజర్ మోగుతుంది. ఆరూ ఆరిపోతే చావుకేక. కేక నా గొంతుతోనే రికార్డు చేశాను. మా ఆవిడ విని, "బాగుంది, ఆఫీసు నుంచి రాగానే అరిచేది కూడా ఇదే" అంది.

కోడ్ సంగతి సరే, సోల్డరింగ్ నా వల్ల కాలేదు. సెన్సర్‌నీ దీపాన్నీ చిన్న బోర్డు మీద పెట్టి, టంకం కరిగించి అతికించాలి. నేను అతికిస్తే పకోడీల్లా ఉండలు కట్టేది. ఒక శనివారం స్వరూప వాళ్ళమ్మను తీసుకుని మా ఇంటికొచ్చింది. వాళ్ళు లోపల మా ఆవిడతో మాట్లాడుతుంటే నేను గ్యారేజీలో ఈ పకోడీలు వేస్తున్నాను. తలుపు తెరుచుకుంది. సన్నగా, పొట్టిగా, మెడలో తాడుకు కళ్ళజోడు వేలాడేసుకున్న ఒకావిడ.

"సోల్డర్ ఎవరు కాలుస్తున్నరు? వాసనొచ్చింది."

బోర్డు అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, వెలుతురు వైపు తిప్పి చూసింది. "ఎవరు చేసిన్రు ఇది?"

"నేనేనమ్మా."

"గట్లనా." నా మనసు నొచ్చుకుంటుందనేమో, "పోనియ్యి బిడ్డా, నీది వేరే పని గదా" అంది.

తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని, కొంగు నడుముకు చెక్కుకుని, చెయ్యి చాపింది. అడగడం కాదు, ఇటియ్యమనడం. ఇచ్చాను.

హైదరాబాద్‌లో ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు ఆవిడ పని అదే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బోర్డు మీద టంకం వేయడం. వేడి కడ్డీ మొన ఆనించి, పెదాలు కదిలీ కదలనట్టు "ఒకటి, రెండు, మూడు" అనుకుని, తీగ తాకించి, తీసేసేది. పొగ లేచే క్షణానికి మొహం ఎడమకు తిప్పేది. టీవీ చూస్తున్నప్పుడు కూడా ఉండుండి అలా ఎడమకు తిప్పుతుందని స్వరూప నవ్వేది. నేను ఒకసారి వేడిగా ఉన్న అతుకు మీద ఉఫ్ అని ఊదబోతే నా చెయ్యి మీద ఒక్కటి వేసింది. "ఊదొద్దు. తొందరపెడితే లోపల పగులుతది. దాని మానాన దాన్ని చల్లారనియ్యి." నేను కొన్న సీసం లేని సోల్డర్ ఆవిడకు అస్సలు నచ్చలేదు. "ఇదేందయ్యా, ఏడ్చినట్టు మసకమసకగా ఉన్నది. అతుకంటే మెరవాలె" అని పక్కన పడేసింది. నేను వెతికి పాతరకం తెప్పించాను. ఆ మెరుపు నిజమే, ఒక్కో అతుకు ఆవగింజంత, అన్నీ ఒకే మెరుపు.

బోర్డు పూర్తయ్యాక ఆవిడ సంచీలోంచి గోళ్ళరంగు సీసా తీసింది. మెరూన్ రంగు. అగ్గిపుల్లతో బోర్డు మూలన ఒక చుక్క పెట్టింది. ఇదేమిటని అడిగాను. ఫ్యాక్టరీలో లైను మీద ఒక్కొక్కరికి ఒక రంగట. టెస్టింగ్‌లో చెడిపోయిన బోర్డు తిరిగొస్తే, చుక్క చూసి ఎవరు చేసిందో పట్టుకుంటారు. ఆ రంగు వాళ్ళు లేచి సూపర్‌వైజర్ బల్ల దగ్గరికి పోయి, అందరి ముందూ నిలబడాలి.

"ఇరవై ఆరేండ్లు. నా చుక్క ఉన్న బోర్డు ఒక్కటి తిరిగి రాలే" అంది. గొప్ప చెప్పుకుంటున్నట్టు లేదు. వయసెంత అంటే చెప్పినట్టు చెప్పింది.

మరి ఆ బోర్డులు ఏం చేసేవని అడిగితే నవ్వింది. తెలియదట. టెస్టింగ్ వేరే బిల్డింగు, దానికి పాసు వేరు. "అయి వెలుగుతయో, మోగుతయో, తిరుగుతయో, ఎవరికెరిక? నేను చేసింది ఒక్కటి నడవంగ సూడలే." అందుకని ఆవిడ చేసిన మొదటి బోర్డు అక్కడికక్కడే నరకాసురుడి కుడికంటికి బిగించాను. గ్యారేజీ షట్టరు దించి, లేజర్ పాయింటర్ ఆవిడ చేతికే ఇచ్చాను. ఎర్ర చుక్క అట్ట మీద వణుకుతూ వెళ్ళి కంటికి తగిలింది. దీపం ఆరింది, బజర్ కుయ్‌మంది. ఆవిడ పాయింటర్‌ను పరీక్షగా చూసి, "మళ్ళొకపారి పెట్టు" అంది. పెట్టాను. ఎన్నిసార్లు పెట్టించిందో లెక్కలేదు. స్వరూప వచ్చి "అమ్మా, ఇంటికి పోదాం" అనేదాకా కుడికన్ను ఆరుతూ వెలుగుతూనే ఉంది.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం ఆవిడ కూతురింట్లోనే డైనింగ్ టేబుల్ మీద పని పెట్టుకుంది. పాత నేత చీర ముక్క తడిపి పక్కన పెట్టుకునేది, కడ్డీ మొన తుడవడానికి. నేను స్పాంజి ఇస్తే వద్దంది. ఆరు కావాలంటే ఏడు బోర్డులు చేసింది. "ఒకటి ఎక్కువుండాలె. ఫ్యాక్టరీల గట్లనే చేస్తుంటిమి." ఏడింటికీ చుక్కలు పెట్టింది.

తుపాకీ సంగతి కూడా చెప్పాలి. లేజర్‌ను పెట్టడానికి నేను ఒక బొమ్మ పిస్తోలు కొన్నాను. మనకు దీపావళి అంటే రీలు పిస్తోలు లేకుండా ఎలా? మేళా జరిగేది ఒక స్కూలు కెఫెటేరియాలో. ఫోటో పంపగానే అక్కడి మేనేజరమ్మ నుంచి జవాబు వచ్చింది. తుపాకీ ఆకారంలో ఉన్న ఏ వస్తువూ, ప్లాస్టిక్‌దైనా, రంగు కాగితందైనా, స్కూలు గుమ్మం తొక్కకూడదు. సరే, సత్యభామ విల్లు పెడదామని అడిగాను. విల్లూ ఆయుధమేనంది. మా సంఘం అధ్యక్షుడు తల పట్టుకున్నాడు. "వాణ్ణి మరి తిట్టి చంపాలాండీ?"

ఆవిడ ఆ మాట విని, కూతురి వంటింట్లోకి వెళ్ళి అప్పడాల కర్ర పట్టుకొచ్చింది. ఇక్కడి అప్పడాల కర్రకు రెండు చివరలా పిడులు, మధ్యలో ఇనపకడ్డీ ఉంటాయి. ఆవిడ పిడి ఊడదీసి కడ్డీ లాగేసింది. కర్ర నిలువునా బోలు. లేజర్ పాయింటర్ అందులో కొలిచినట్టు పట్టింది. "సత్యభామ చేతుల ఇదే ఉండాలె. ఇదైతే ఎవలు వద్దంటరు?" అంది. మేనేజరమ్మకు ఫోటో పంపితే, ఇదేం వస్తువో అర్థం కాలేదు కానీ అభ్యంతరం లేదని రాసింది.

మేళాకు వారం ముందు హాలు చూసుకోవడానికి మాకు గంట టైమిచ్చారు. నరకాసురుణ్ణి గోడకు నిలబెట్టి స్విచ్ వేశాను. ఎవరూ కర్ర ఎత్తలేదు. మీసం ఆరిపోయింది. ఎడమకన్ను ఆరింది. మళ్ళీ వేశాను. ఈసారి కళ్ళు రెండూ, మీసం, గుండె వాటంతటవే ఆరిపోయాయి. "మీవాడు సత్యభామ రాకముందే గుండెపోటుతో పోయాడండీ" అన్నాడు అధ్యక్షుడు. పదిమంది నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. గ్యారేజీలో నెలరోజులు కిక్కురుమనకుండా నడిచిన ఆట ఇది.

ఆవిడ తలెత్తి పైనున్న ట్యూబులైట్ల వంక చూసింది. "బిడ్డా, ఈడ వెలుతురు బాగున్నది గదా. దానికేమన్న అయితున్నదా?"

"అది కోడ్‌లో హ్యాండిల్ చేశానమ్మా" అన్నాను. చేయలేదు. చేశాననుకున్నాను. అందరూ నా వంకే చూస్తున్నారు కదా, ఇంకో మాట కూడా అన్నాను. "ఇలా ఉండుండి పోతోందంటే డ్రై సోల్డర్. అతుకు లోపల సరిగా పట్టుకోకపోతే ఇలాగే అవుతుంది."

గట్టిగానే అన్నాను. స్వరూప ఉంది, అధ్యక్షుడు ఉన్నాడు, స్టాళ్ళ వాళ్ళందరూ ఉన్నారు. సూపర్‌వైజర్ బల్ల దగ్గర ఎవరినైనా నిలబెట్టాలంటే అంతకంటే మంచి ఏర్పాటు కుదరదు. ఆవిడ నరకాసురుడి వెనక్కి వెళ్ళి, బోర్డులు ఒక్కొక్కటిగా విప్పి, కొంగులో కట్టుకుంది. "మళ్ళ చేస్త" అంది. అంతే.

నాలుగు రోజులు పట్టింది. వేసిన టంకమంతా కరిగించి తీసి, శుభ్రం చేసి, ఆరు బోర్డులకూ ప్రతి అతుకూ మళ్ళీ వేసింది. నేను మధ్యలో ఒకసారి వెళ్ళాను. కుడిచెయ్యి మణికట్టు దగ్గర ఎడమచేత్తో పట్టుకుని పనిచేస్తోంది. బొటనవేలికి బొబ్బ. "వంటింట్ల కాలింది" అంది. ఏడోది, ఎక్కువగా చేసిన బోర్డు, పక్కనే ఉంది. "దాన్నీ చేస్తారా?" అన్నాను. "దాన్ని అట్లనే ఉండనియ్యి" అంది. ఓపిక అయిపోయిందనుకున్నాను. మళ్ళీ చేసిన ఆరింటి మూలల్లో చుక్క గీకేసిన మరక ఉంది. కొత్త చుక్క లేదు.

మేళా రోజు పొద్దున్నే స్వరూపా వాళ్ళమ్మా బంతిపూల బుట్టలు కారులోంచి దించడానికి వెళ్ళారు. నేను స్విచ్ వేశాను. మీసం ఆరిపోయింది. ఎడమకన్ను ఆరిపోయింది. ఇక నెట్టడానికి ఎవరి నెత్తీ మిగల్లేదు కాబట్టి, ల్యాప్‌టాప్ తీసి నా కోడ్ నేను చదువుకున్నాను. పైనుంచి పన్నెండో లైనులో ఉంది. వెలుతురు ఈ అంకె దాటితే లేజర్ తగిలినట్టు లెక్క అని ఒక అంకె రాసిపెట్టాను. షట్టరు దించిన గ్యారేజీలో కొలిచిన అంకె. హాల్లో ట్యూబులైట్ల కింద సెన్సర్లు ఊరికే ఆ అంకె దాటుతున్నాయి. ఆవిడ అడిగింది అదే, అక్షరం తేడా లేకుండా. స్విచ్ వేయగానే గది వెలుతురు కొలుచుకుని, దాన్ని బట్టి అంకె పెట్టుకునేలా మార్చి, కేబుల్ తగిలించి ఎక్కించాను. పది నిమిషాల పని. నరకాసురుడు ఆరు దీపాలతో నిక్షేపంగా నిలబడ్డాడు.

అప్పుడే వాళ్ళు పూలబుట్టలతో వచ్చారు. అధ్యక్షుడు కూడా వచ్చాడు. "అరె, బాగయ్యాడే! ఏం చేశారు?"

ఒక్క మాట చెబితే అయిపోయేది. ఆవిడ అక్కడే ఉంది, చేతుల్లో బంతిపూలు, వేలికి బొబ్బ. నేను, "అమ్మ మళ్ళీ చేసింది కదండీ, అతుకులు పట్టుకున్నాయి" అన్నాను. మెచ్చుకుంటున్నట్టు అన్నాను. అది ఇంకా సిగ్గుమాలిన పని.

"అట్లనా" అంది ఆవిడ. బుట్ట కింద పెట్టింది. నరకాసురుడి వీపు నుంచి కేబుల్ ఇంకా వేలాడుతోంది. దాన్ని ఊడదీసి, చుట్టచుట్టి, చివర ముడేసి, నా చేతిలో పెట్టి పూలు గుచ్చడానికి వెళ్ళిపోయింది.

ఆట అదిరిపోయింది. లైను గుమ్మం దాటింది. పిల్లలు అప్పడాల కర్ర ఎత్తి, "ఆంటీ, ఐ గాట్ హిజ్ మీసమ్!" అని గెంతుతుంటే తల్లులు వాళ్ళ చేతుల్లోంచి లాక్కుని తామూ కొట్టారు. నా చావుకేక ఆ రోజు ఎన్నిసార్లు వినపడిందో, గొంతు నాదే అని ఒప్పుకోవడం మానేశాను. ఆవిడ ఆడలేదు. నరకాసురుడి వెనక, గోడకూ అట్టకూ మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంది. అక్కడి నుంచి కనిపించేవి బోర్డుల వెనకవైపులు, ఆవిడ అతుకులు. దీపం ఆరినప్పుడల్లా ఆ చోటుకేసి చూసేది. ఉండుండి మొహం ఎడమకు తిప్పుకునేది.

జనవరిలో వెళ్ళిపోయింది. ఆ తర్వాత లంచ్ టైములో స్వరూప తల్లితో మాట్లాడుతూ, నేను కనిపిస్తే ఫోన్ నా చేతికిచ్చేది. ఆవిడ ఆరోగ్యం గురించి నేను అడిగేవాణ్ణి. ఆవిడ ఒక్కటే అడిగేది. "ఏం బిడ్డా, బోర్డు మంచిగ నడుస్తున్నదా?"

"నడుస్తోందమ్మా" అనేవాణ్ణి.

అప్పుడు ఆవిడ కాసేపు ఊరుకునేది. లైను కట్టయిందేమోనని నేను హలో హలో అనేవాణ్ణి. "ఆఁ, ఉన్న బిడ్డా. సరే మంచిది" అని పెట్టేసేది. మూడేళ్ళలో ఎన్నోసార్లు ఇదే మాట, ఇదే జవాబు. పెద్దవాళ్ళకు అడగడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అనుకున్నాను. మళ్ళీ సోల్డరింగ్ ఏమైనా చేస్తోందా అని స్వరూపను ఒకసారి అడిగితే, "లేదన్నా, చెయ్యి వణుకుతున్నదంట. పక్కింటివాళ్ళు రేడియో తెస్తే గూడ ముట్టలేదంట" అంది. అయినా చెప్పలేదు. చెప్పడానికి రోజులు గడిచే కొద్దీ మాట బరువెక్కుతుంది, నోరు చిన్నదవుతుంది.

దినాలు అయ్యాక స్వరూప తిరిగొచ్చింది. ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి నేరుగా గ్యారేజీలోకి నడిచింది. నరకాసురుడి వెనక్కి వెళ్ళి, వంగి బోర్డులు చూసింది.

"మంచిగ నడుస్తున్నదా అన్నా?"

తల్లి గొంతు అని నేననను. మాట మాత్రం అదే. నేను డబ్బాలోంచి ఏడో బోర్డు తీశాను. మూలన మెరూన్ చుక్క. కుడికంటి బోర్డు ఊడదీసి, అది బిగించి, స్విచ్ వేసి, కర్ర ఎత్తాను. కన్ను ఆరింది, బజర్ మోగింది.

"ఇది మీ అమ్మగారు మళ్ళీ చేయనిది. మొదట చేసినట్టే ఉంది" అన్నాను. "ఆరూ ఇలాగే ఉండేవి. వాటిలో ఏ లోపమూ లేదు స్వరూపా. తప్పు నా కోడ్‌ది. మేళా పొద్దున నేనే సరిచేసి, అందరి ముందూ అబద్ధం చెప్పాను."

స్వరూప బోర్డు మీద చుక్కను వేలితో తడుముతూ ఉండిపోయింది. కోపం వస్తుందని ఎదురుచూశాను. వస్తే బాగుండేది.

"అమ్మకెరికే అన్నా" అంది.

నేను చేతిలోని కర్ర కింద పెట్టాను.

"ఆ రోజు ఇంటికొచ్చినంక చెప్పింది. వైరు ఏలాడుతుంటె చూసిందంట. టంకం బాగయితే వైరెందుకు పెడ్తడు, అన్నది. మరి అడగకపోయినవా అంటే, నేనడిగితే ఏం లాభం, ఆయననే చెప్తడు తియ్యి, మంచోడే అన్నది. ఆయన చెప్పినంక చుక్క పెట్టుకుంటనన్నది." స్వరూప ముక్కు ఎగబీల్చింది. "నీకు ఫోన్ ఇయ్యమని అమ్మనే అడుగుతుండె, ప్రతిసారి. నువ్వు లంచ్‌ల కనపడ్డవని ఇచ్చుడు కాదు."

ఏడో బోర్డు తను తీసుకెళ్ళింది. తక్కిన ఆరూ నా దగ్గరే ఉన్నాయి. ఈ ఏడు మేళాలో కూడా స్విచ్ వేశాను, అన్నీ నడిచాయి.